మా అత్త జేబుల బొంత

మా పక్క చలి ఉంటుందంటే బయటివాళ్ళు నమ్మరు. అనంతపురం అనగానే పైటకొంగుతో విసురుకోవడం మొదలుపెడతారు. నిజమే, ఎండకు మా దగ్గర కొదవ లేదు. కానీ శెనక్కాయ కట్టె వామికెక్కి, చేన్లు ఖాళీ అయినాక వచ్చే చలికి ఇక్కడ అడ్డమనేదే లేదు. ఉన్న కొండలన్నీ బోడి కొండలు. కర్ణాటకలో బయలుదేరిన గాలి ఎక్కడా నిలబడకుండా నేరుగా వచ్చి మా ఇంటి తలుపు సందులో దూరుతుంది. రాయదుర్గానికి బస్సులో ముక్కాలు గంట దూరం మా ఊరు. ఆ బస్సులో కిటికీ పక్క సీట్లు ఖాళీగా కనపడినాయంటే చలికాలం వచ్చిందని మాకు తెలిసిపోతుంది.

ఆ చలికాలమంటే నాకు ప్రాణం. ఏడాదంతా నా చేతులు కలుపు తీసేదానికో, కాయలు ఒలిచేదానికో, బిందెలు మోసేదానికో పోతాయి. ఆ రెండు నెలలు మాత్రం పొద్దున సంగటి కెలికి దించేసినాక నా చేతులు నావి. చాప, సూదిదారాల డబ్బా, పాతగుడ్డల మూట తీసుకుని మిద్దెక్కుతాను. వీపుకు ఎండ, ఒళ్ళో గుడ్డ. ఆ వెచ్చదనంలో ఒక వరస కుట్టు పూర్తయితే కడుపు నిండినట్టు ఉంటుంది. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి అని అక్కడ కూర్చున్నప్పుడల్లా అనుకుంటాను. కావలసినవి తరవాత గుర్తొస్తాయి, కిందికి దిగినాక.

కుట్టు నాకు నాయన నేర్పినాడు. మాది దూదేకే వాళ్ళ ఇల్లు. నమాజు అరబ్బీలో, మిగతాదంతా తెలుగులో. నాయన కణేకల్ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి ఇచ్చేవాడు. నాకు చిన్నప్పుడు ఆయాసం. బడి దూరం. నడిచిపోతే సగం దారిలోనే కూలబడేదాన్ని. అందుకని నాయనే ఇంట్లో చదువు చెప్పినాడు. దూదిని వత్తిలాగా పేని చాప మీద అక్షరాలు పెట్టేవాడు. ఎవరైనా ఠక్కున తలుపు తెరిస్తే నా చదువంతా గాలికి వీధిలోకి పోయేది. “పోనీలే, నేర్చుకున్నవే పోయినాయి” అనేవాడు.

ఆయనే ఇంకొక అలవాటు కూడా నేర్పినాడు. సూదికి దారం ఎక్కించినప్పుడల్లా దేవుడు చేసిన ఒక మేలు తలుచుకోవాలి. ఆ దారం అయిపోయేదాకా దానికే షుకర్ చెప్పుకోవాలి. దిండు గలీబు లాంటి చిన్న పనికి ఇది బాగానే ఉంటుంది. బొంత కుట్టేటప్పుడే కష్టం. ఒక బొంతకు వందల దారాలు పడతాయి. అమ్మానాయనా, ఇల్లూ వాకిలీ, కళ్ళూ చేతులూ అన్నీ అయిపోయి, రేషన్ బియ్యానికి, కరెంటుకి, పక్కింటి కోడి మా గంపలోకి వచ్చి పెట్టిన గుడ్డుకి కూడా చెప్పుకోవలసి వస్తుంది. గుడ్డు వాళ్ళకు తిరిగి ఇచ్చేసినాను. షుకర్ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పెళ్ళై వచ్చింది కూడా దూదేకే వాళ్ళ ఇంటికే. మా ఇంటాయన బండి మీద ఊళ్ళు తిరిగి పరుపులు కుడతాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. అత్త సన్నటి మనిషి. మాట మాత్రం లావు. డెబ్బై దాటినాయి. చలి మొదలైందంటే మోకాళ్ళు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంటుంది. పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు కప్పినా చాలవు, మూడు కప్పినా చాలవు.

నేను కుట్టినవి గానీ అల్లినవి గానీ ఆమెకు ఏనాడూ నచ్చలేదు. తలుపుకు పూసల తోరణం అల్లితే, “పోతా వస్తా నెత్తికి తగులుతాంది, తీసేయ్” అనింది. దిండు గలీబు మీద నెమలిని కుడితే, “కోడిని ఎందుకు కుట్టినావు?” అనింది. ఒక ఏడు చెవులు మూసుకునేటట్టు ఉన్ని టోపీ అల్లి ఇచ్చినాను. మాట్లాడకుండా తీసుకుంది. మరుసటి దినం చూస్తే అది ఎనుము దూడ నెత్తిన ఉంది.

“దానికి సరిపోయింది” అనింది అత్త.

నిజంగానే సరిపోయింది. చెవులు రెండూ ఎంత బాగా దూరినాయో. మూగజీవానికి చలి తప్పింది కదా అని ఆ రోజు ఒక దారం దూడకు కేటాయించినాను. కానీ లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఆమె నోటితో ఒక్కసారి ‘బాగుండాది’ అనిపించుకోవాలని పంతొమ్మిదేళ్ళు చూసినాను.

నాలుగేళ్ళ కిందట మా పక్కింటి వదిన రాయదుర్గంలో జీన్సు కుట్టే యూనిట్లో పనికి చేరింది. గుడ్డ కత్తిరించినాక మిగిలిన ముక్కలు అక్కడ పారేస్తారు. ఒక దినం గోనెసంచి నిండా తెచ్చి మా గుమ్మంలో వేసింది.

“పొయ్యిలోకి పనికొస్తాయేమో చూడు” అనింది.

సంచి విప్పి చాప మీద కుమ్మరించినాను. ఎన్ని నీలాలో. చాకలి నీలం, వంకాయ రంగు, వాన కురవని మబ్బు రంగు. కుట్టు వంకరపోయిందని పక్కన పడేసిన జేబులు కూడా పదీ పన్నెండు ఉన్నాయి, జేబులు జేబులుగానే. వాటిని పొయ్యిలో పెట్టడానికి నాకు చేతులు రాలేదు. అత్తకు బొంత కుడదామనుకున్నాను. జీన్సు గుడ్డలో గాలి దూరదు కదా.

మామూలు బొంత కుట్టడం సులభం. పాత చీరలు వరసగా పరిచి ఆ చివర నుంచి ఈ చివరకు కుట్టుకుంటూ పోవడమే. జీన్సు ముక్కలతో అట్లా కుదరదు. ఒక్కో ముక్కా అరచేతంత ఉంటుంది. వాటిని అతకడానికి కింద ఒక పెద్ద గుడ్డ కావాలి. దాని మీద ముక్కలన్నీ కుట్టి, అడుగున మెత్తటి చీర వేసి మూసేస్తే, ఆ గుడ్డ నడుమ ఉండిపోతుంది, ఎవరికీ కనపడదు.

“అత్తా, ముక్కలు అతికేదానికి పెద్ద గుడ్డ కావల్ల.”

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది. “పెట్టెలో మీ మామ పంచలు ఉండాయి చూడు. తెల్ల టవల్లో మూట. ఒకటి తీసుకో. ఆయప్ప ఇంక కట్టుకునేది లేదు కదా.”

నేను కోడలిగా వచ్చిన రెండేళ్ళకే మా మామ పోయినాడు. ఇనప పెట్టె తెరిస్తే పైనే తెల్ల టవల్లో మూట కనపడింది. విప్పితే లోపల మెరిసే తెల్లగుడ్డ. మరక లేదు, చిరుగు లేదు, అంచు కూడా లేదు. అత్తరు వాసన సన్నగా వస్తోంది. ఎంత శుభ్రమైన మనిషి మా మామ, కట్టిన పంచను కూడా కట్టనట్టే ఉంచినాడు అనుకున్నాను. అంచు పంచ కట్టే గర్వం కూడా లేదు ఆయనకు అనుకున్నాను. పన్నా చాలకపోతే కత్తెరతో నడిమికి కోసి, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి అతికినాను. ఆ అతుకుకు పట్టిన దారాలన్నీ మామకే. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలని, అంటే ఈ చలిలో వెచ్చగా ఉండాలని.

అయిదు వారాలు పట్టింది. జీన్సులోకి మామూలు సూది దిగదు, గోనెసంచులు కుట్టే దబ్బనం కావాలి. రెండు దబ్బనాలు విరిగినాయి. నా వేళ్ళు నాలుగు చోట్ల గుచ్చుకున్నాయి. మా ఇంటాయన సాయంత్రం వచ్చి నా కుట్టు చూసి తల ఊపేవాడు.

“దూదేకే వాళ్ళ ఇంటి ఆడకూతురి కుట్టేనా ఇది? దావంటి ఎనుము నడిచిపోయినట్ల ఉండాది.”

“వెచ్చగా ఉంటే చాలు.”

“ఈ జేబులేంది? మా అమ్మ నిద్రలో గిన బజారుకు పోతాదా?”

జేబులు వదిలిపెట్టడానికి మనసు రాక ఆరింటిని బొంతకే కుట్టేసినాను, చేయి అందే చోట. ఒకదానికి జిప్పు కూడా ఉంది.

బొంత అయిపోయిన దినం దాన్ని మిద్దె మీదనుంచి దించడానికి నేనూ పక్కింటి వదినా ఇద్దరం కావలసి వచ్చింది. “ఇది కప్పుకునేదా, పరుచుకుని పైన ఇల్లు కట్టుకునేదా?” అనింది వదిన. మంచం మీద అత్తకు కప్పితే ఆమె కనపడకుండా పోయింది. మంచం మీద నీలి రంగు గుట్ట ఒకటే ఉంది.

“అత్తా, ఊపిరాడతాందా?”

“ఆడతాంది. పో.”

మరుసటి దినం తెల్లవారి నమాజుకు నాకన్నా ముందు లేచే మనిషి లేవలేదు. భయపడి దగ్గరికి పోయినాను. గుట్ట లోపలనుంచి గొంతు వినపడింది. “లేస్తామంటే లేయనీదు ఇది. దీన్ని ఎత్తు.” ఎత్తినాను. నమాజు చేసుకుని, టీ గ్లాసు పట్టుకుని వాకిట్లో కూర్చుని, చానాసేపు వీధి వైపు చూసింది.

“బాగుండాది” అనింది.

“టీనా అత్తా?”

“బొంత.”

నేను వంటింట్లోకి పోయి నిలబడుకున్నాను. సూది లేదు, దారం లేదు. అయినా చాలాసేపు షుకర్ చెప్పుకున్నాను.

ఆ తరవాత ఆమె ఆ బొంతను వదిలితే ఒట్టు. పొద్దున ఎండకు కూర్చున్నా దానితోనే. పుట్టినప్పటినుంచి జేబు లేని మనిషి కదా, ఆరు జేబులు ఒక్కసారిగా వచ్చేసరికి ఊరికి మోతుబరి అయినట్టు అయిపోయింది. ఒక దాంట్లో తస్బీ మాల, ఒక దాంట్లో ఆకు వక్క, ఒక దాంట్లో మందుబిళ్ళలు. జిప్పు ఉన్న దాంట్లో సెల్‌ఫోన్. ఫోన్ మోగితే ఏ జేబులో ఉందో తెలియక బొంతనంతా తట్టి తట్టి చూసేది. వచ్చిన ఆడవాళ్ళకు ఒక్కొక్క జేబూ తెరిచి చూపించేది. “మా కోడలు కుట్టింది” అనేది. ఆ మాట వినడానికి నేను ఊరికే అటూ ఇటూ తిరిగేదాన్ని.

పది దినాలు నా సంతోషం సాగింది.

పదకొండో దినం పొద్దున అత్త తన పెట్టెలోని సామాన్లు ఎండకు వేద్దామని కూర్చుంది. ఏడాదికి ఒకసారి చలికాలంలో చేసే పనే అది. గుడ్డలు ఆరేసి, వేపాకు మార్చి, మళ్ళీ సర్దుతుంది. నేను మెట్ల మీద కూర్చుని వదిన కోసం చిన్న సంచి ఒకటి కుడుతున్నాను. అత్త అడుగున ఉన్న ఇంకొక తెల్ల టవల్ మూట విప్పి మామ పంచలు ఒకటొకటే తీసి పక్కన పెట్టింది. మూడు పంచలు. మూడింటికీ అంచు ఉంది.

“నా కఫను ఏది?” అనింది.

నా చేతిలో సూది ఆగిపోయింది.

కఫను అంటే మాలో మనిషి పోయినాక స్నానం చేయించి చుట్టే తెల్లగుడ్డ. అది ఏ బట్టల అంగట్లోనైనా దొరుకుతుంది. కానీ అత్త దాచుకున్నది మక్కా నుంచి వచ్చింది. వాళ్ళ అన్న హజ్‌కు పోయినప్పుడు అక్కడి జమ్‌జమ్ బావి నీళ్ళలో తడిపి, ఆరబెట్టి, అత్తరు రాసి తెచ్చి ఇచ్చినాడు. ఆ అన్న కూడా ఇప్పుడు లేడు. తనకు హజ్ పోయే రాత లేదని అత్తకు ఎప్పుడో తెలుసు. మక్కానే మడత పెట్టుకుని తన పెట్టెలోకి వచ్చిందని ఆమె నమ్మకం. “దాంట్లో చుట్టి పంపండి. అంతకు మించి మీరు నాకు చేయల్సింది ఏమీ లేదు” అని మాకు ఎన్నోసార్లు చెప్పింది. అది ఆకుపచ్చ గుడ్డలో చుట్టి పెట్టె అడుగున ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. విప్పి చూసిన వాళ్ళు ఎవరూ లేరు.

అత్తరు వాసన. అంచు లేని తెలుపు. కట్టనట్టే ఉన్న పంచ. అన్నీ ఒక్కసారిగా అర్థమైనాయి.

అత్త లేచి వెతకడం మొదలుపెట్టింది. చలిగాలి కొడుతోందని బొంతను భుజాల మీద వేసుకునే వెతికింది. దాని బరువుకు నడవలేకపోతుంటే బొంత వెనక అంచు నేను పట్టుకున్నాను. అటక కింద చూసింది, మంచం కింద చూసింది, దూడ దగ్గర కూడా చూసింది. వెతుకుతున్నది ఆమె భుజాల మీదే ఉంది. ఆ బరువులో సగం నా చేతుల్లో ఉంది.

చివరకు ఆలోచించి ఆలోచించి, జిప్పు తీసి ఫోన్ బయటికి లాగి, చిలమత్తూరులో ఉన్న మా ఆడబిడ్డకు చేసింది. చెవి సరిగ్గా వినపడదని ఫోన్ ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది.

“ఏమ్మే, పోయిన పండక్కు వచ్చినప్పుడు నా కఫను గిన తీసకపోయినావా?”

“ఎవురన్నా కఫను ఎత్తకపోతారా అమ్మా? ఎత్తకపోయి ఏం చేసుకుంటారు?”

“అదే నేనూ అడుగుతాండా. ఏం చేసుకున్నావు?”

ఆడబిడ్డ ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఆ దినం అత్త సంగటి సగం ముద్దే తినింది. “నన్ను దేంట్లో చుట్టి పంపుతారో” అనింది. కాసేపు ఆగి, “జీన్సు ముక్కలు తెచ్చిన సంచి ఖాళీగానే ఉండాది కదా, దాంట్లో వేసి పంపండి” అనింది. మాటకు మాట అట్లా అంటుంది గానీ ఆమె కళ్ళల్లో భయం చూసినాను. ఏ చీర పోయినా, ఏ నగ పోయినా భయపడిన మనిషి కాదు. ఆ ఒక్క గుడ్డ తోడుగా ఉందని ధైర్యంగా ఉండింది ఇన్నాళ్ళూ.

నేను చెప్పేయాలి. చెప్పకపోతే ఆమెకు దిగులు, ఏ పాపమూ ఎరగని ఆడబిడ్డకు దొంగతనం నింద. చెబితే నాకు పంతొమ్మిదేళ్ళకు దొరికిన ఆ ఒక్క ‘బాగుండాది’ పోతుంది. నమాజులో తల నేలకు ఆనిస్తే ప్రార్థన రాలేదు, కత్తెర చప్పుడు వినపడింది. ఇంత చిన్న మనసు నాదని అప్పటిదాకా నాకు తెలియదు.

ముందు చెప్పకుండానే సర్దుదామని చూసినాను. బొంతను ఒక వారం నా చేతికి తెచ్చుకుంటే, గుట్టుగా కుట్లు ఇప్పి, గుడ్డను పెట్టెలో పెట్టేయొచ్చు కదా.

“అత్తా, బొంత ఇట్లియ్యి, ఉతికి పెడతా.”

“పది దినాల బొంతను ఎవురన్నా ఉతుకుతారా? అయినా దీనికి సరిపోయే నీళ్ళు యాడుండాయి మన ఊర్లో?”

అదీ నిజమే.

మా ఇంటాయనకు చెప్పినాను. ఆయన చేతిలో ఉన్న దిండు కింద పెట్టినాడు.

“మా అమ్మ కఫనుకు జేబులు కుట్టినావా?” అన్నాడు.

“జేబులు పైన ఉండాయి. కఫను నడుమ ఉండాది.”

“మక్కా నుంచి వచ్చినదానికి దబ్బనం దింపినావు.”

“పంచ అనుకున్యా.”

శుక్రవారం నమాజు అయినాక ఆయన మసీదులో హజరత్ దగ్గరికి పోయి అడిగి వచ్చినాడు. మా ఇల్లని చెప్పకుండా, తెలిసినాయప్ప ఇంట్లో ఇట్లా జరిగిందని అడిగినాడంట. హజరత్ అంతా విని, కుట్లు ఇప్పి ఉతికితే ఆ గుడ్డ పనికొస్తాదని, అది లేకపోయినా శుభ్రమైన తెల్లగుడ్డ ఏదైనా సరేనని, గుడ్డ కన్నా దువా ముఖ్యమని చెప్పినాడంట. తరవాత, “ఇంతకూ మీ అమ్మ ఎట్లుండాది?” అని అడిగినాడంట.

“మాట బాగానే ఉండాది హజరత్.”

“మరి ఇప్పుడేం తొందరప్పా?”

మూడో దినం పొద్దున చెప్పేసినాను. మిద్దె మీద ఎండ బాగా వచ్చింది. అత్త గోడకు ఆనుకుని, కాళ్ళ మీద బొంత వేసుకుని, ఎత్తని ఫోన్‌కు మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉంది.

“అత్తా, ఆమెకు చేయాకు. నీ కఫను దొరికింది.”

“యాడ?”

“నువ్వు కప్పుకున్నావు.”

అత్త బొంత వైపు చూసింది. నా వైపు చూసింది. “దీంట్లోనా?”

“పైన జీన్సుకు, కింద చీరకు నడుమ. నువ్వు పంచ తీసుకోమంటే తెల్ల టవల్లో ఉన్నది తీసినా. ఆకుపచ్చ గుడ్డలో లేదు కదా అని…”

“ఆకుపచ్చదాన్ని ఎలుక కొట్టింటే పోయినేడు తెల్ల టవల్లోకి మార్చి పైన పెట్టినా.”

“నాకు చెప్పలేదే అత్తా.”

“నా కఫను గుడ్డ మార్చినానని ఊరంతా దండోరా వేయల్లనా?”

ఎట్లాగూ మొదలుపెట్టినాను కదా, మొత్తం చెప్పేద్దామనుకున్నాను.

“కత్తెర కూడా పెట్టినానత్తా. నడిమికి కోసినా.”

“ఎట్లైనా కోసేదేలే అది. ముక్కలు చేసే కదా చుడతారు.” ఆమె చేయి బొంత మీద మెల్లగా తడుముతోంది. “కుట్లు ఎన్నుండాయి?”

“చానా.”

“చానా అంటే?”

“మన ఇంట్లో రీళ్ళన్నీ అయిపోయి వదిన దగ్గర రెండు తెచ్చినా.”

ఆమె కళ్ళు మూసుకుంది. తిట్టు వస్తుందని నేను చూస్తున్నాను. తిట్టితే బాగుండునని కూడా అనిపించింది.

“పదమూడు దినాల నుంచి దీని కిందనే పండుకుంటాండానా నేను?”

“అవునత్తా.”

“అదీ. మోకాళ్ళ నొప్పి యాడికి పోయిందా అనుకుంటాండా.” బొంతను గడ్డం దాకా లాక్కుంది. “పోయేటప్పుడు చుడతారనుకుంటి. ఉండంగానే కప్పినావు.”

ఏడుపు నాకు వచ్చింది, ఆమెకు కాదు. బొంత అంచు మీద తల పెట్టి ఏడ్చినాను.

“ఏడ్చాకు. అది తడిస్తే ఆరేదానికి రెండు దినాలు పడతాది” అనింది అత్త.

తరవాత ఫోన్ తీసి మళ్ళీ చిలమత్తూరుకు చేసింది. ఈసారి ఆడబిడ్డ ఎత్తింది.

“కఫను దొరికింది” అనింది అత్త.

“యాడుండాది?”

“కప్పుకున్నా.”

అత్త చెప్పవలసింది చెప్పేసినాను కదా అని ఫోన్ జేబులో పెట్టి జిప్పు లాగేసింది. మధ్యాహ్నానికి ఆడబిడ్డ, ఆమె మొగుడు, వాళ్ళ పక్కింటి ముసలామె ఒకరు జుట్టు చెదిరిపోయి మా వాకిట్లో దిగినారు. అత్త చిత్రాన్నం తింటూ ఉంది. సంగతంతా చెప్పి, దొంగతనం అంటగట్టినందుకు అత్త ఏమైనా అంటుందేమోనని అందరం చూసినాము. “కూర్చో, తిను” అనింది. అదే క్షమాపణ. ఆడబిడ్డ తిని, బొంత కిందికి దూరి, సాయంత్రం దాకా నిద్రపోయింది. లేచి, “వదినా, నాకూ ఒకటి కుట్టు. మామూలు గుడ్డతో” అనింది.

ఆ సాయంత్రమే మా ఇంటాయన చిన్న కత్తెర తెచ్చి కుట్లు ఇప్పడానికి కూర్చున్నాడు. అత్త బొంత ఇవ్వలేదు.

“ఇప్పుడు ఇప్పితే నేను దేంతో పండుకోవల్ల?”

“అంతలోపల నీకేమన్నా అయితే?” అని నాలుక కరుచుకున్నాడు ఆయన.

“ఈ చలికాలం నాకేమీ కాదు. ఎండాకాలం రానీ, అప్పుడు ఇప్పుకుందురు.”

ఎండాకాలం వచ్చింది. బోరు ఎండిపోయింది. ఊళ్ళోకి ట్యాంకరు వస్తే బిందెలతో తోసుకుంటున్నారు జనం. కుట్లు ఇప్పుదామా అని అడిగితే అత్త నన్ను ఎగాదిగా చూసింది.

“నాకు కడపటి స్నానం చేయించేదానికి ట్యాంకరు కోసం ఎదురుచూస్తా కూర్చుంటారా? తాగేదానికే లేవు జనాలకు. అట్లా పోతే నాకే సిగ్గు. ఎండాకాలం నేను పోయేది లేదు.”

ముంగారు వానలకు విత్తనం పడింది. విత్తనం వేసేటప్పుడు పదిమంది పని చెడగొట్టేదాన్ని కాదు అనింది. శెనక్కాయ పీకేటప్పుడు, ఇప్పుడు ఎవురికి తీరికుండాది అనింది. అంతలో మళ్ళీ చలి వచ్చింది.

అట్లా నాలుగేళ్ళు అయింది. ఈ ఏడు చలి మొదలైన వారానికి అత్త బొంత మూల ఒకటి నా ముందు పెట్టింది. జీన్సు అరిగి పోగులు లేచినాయి. చేతిలో ఒక కొత్త ముక్క కూడా పట్టుకొచ్చింది, వదిన దగ్గర తానే అడిగి ఎంచుకుని తెచ్చుకున్నది, వంకాయ రంగుది.

“ఈడ ఇది అతుకు” అనింది.

“అత్తా, కుట్లు ఎక్కువయ్యే కొద్దీ రేపు ఇప్పేదానికి కష్టమైతాది.”

“ఇప్పేదాని సంగతి నిన్ను ఎవురడిగినారు? అతుకు.”

నేను దబ్బనానికి రెండు పోగుల దారం ఎక్కించినాను. ఆమె నా చేతిలో నుంచి దాన్ని తీసుకుని, ఎండకు ఎత్తి పట్టి చూసి, తిరిగి ఇచ్చింది.

“మూడు పోగులు వెయ్యి” అనింది.